మునెప్పన్న కారులో తెల్లలైటు

నవ్వేవాళ్లు నవ్వండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నేను ముందు సీట్లో కూర్చుని ఉండగా జరిగింది.

కార్లలోకి ఎల్‌ఈడీ లైట్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మదనపల్లెలో నాది కార్ల ఎలక్ట్రికల్ షాపు. ఇల్లు పుంగనూరు. ఓ సాయంత్రం కుప్పం మునెప్పన్న తన పాత అంబాసిడర్ తెచ్చాడు. లోపలి లైట్లన్నీ ఎల్‌ఈడీలు వేయమన్నాడు.

"పాత బండికి పసుపు బల్బే అందమన్నా. యాల మార్సేది?" అన్నాను.

ఆయన వెనక తలుపు తీసి సీటు చూపించాడు.

"నా పెండ్లాన్ని ఈ బండ్లోనే ఆస్పత్రికి తీసకపోతాంటినప్పా. ఎనక సీట్లో పండుకోనుండె. తిరిగి సూస్తే మసక ఎల్తురు. నిద్రపోతాండాది అనుకుంటిని... ఎప్పుడు పోయిందో కూడా తెలీలా."

పాత బల్బులు తీసి తెల్లటి ఎల్‌ఈడీలు వేశాను. సీటు కుట్లు కూడా కనిపించేంత వెలుగు. చీకటి పడింది. పుంగనూరులో దింపుతానంటే ఎక్కాను.

ఊరు దాటాం. లోపలి లైటు ఆపేశాడు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

టక్...

పైన లైటు వెలిగింది. తలుపులు మూసే ఉన్నాయి. స్విచ్చి మీద ఎవరి చెయ్యీ లేదు. ఆ వెలుగు... తెల్లగా లేదు. పసుపు. నా చేతులతో తీసేసిన ఆ మసక పసుపే.

వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది. ఎవరో ఒత్తిగిలినట్టు. గాజులు... మెల్లగా.

తల తిప్పాను. సీటు మీద ముడుచుకున్న పాదాలు. వేళ్లకు మట్టెలు. ముఖం దాకా వెలుతురు అందడం లేదు.

మునెప్పన్న రోడ్డే చూస్తున్నాడు.

టక్. ఆరిపోయింది.

"అన్నా... బండాపు."

ఆపాడు. చూసింది చెప్పాను. వెంటనే లైటు వేశాడు. పట్టపగల్లా తెల్లటి వెలుగు. ఖాళీ సీటు. వెనక్కి వంగి, సీటంతా చేత్తో తడిమాడు.

"లైటెలిగింది కూడా నాకు కనపళ్ళేదు గదప్పా... మొగం సూసినావా? నొప్పితో ఉండాదా?"

"మొగం కనపళ్ళేదన్నా."

స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. చాలాసేపు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని, "నువ్వు ఎనక కూసో అప్పా... ఈ తూరన్నా ఆమెని ఒంటిగా ఇడిసేది వద్దు," అన్నాడు.

అది ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. వైరింగులో లోపమందామంటే... మట్టెల మాటేమిటి?

పుంగనూరు దాకా ఓ మూలకు ఒదిగి కూర్చున్నాను. పక్కన చోటు వదిలి.