పెరుగు రాకముందే లేచిన పెళ్ళికొడుకు

నా కడుపులో నేనే యుద్ధం పెట్టి, నేనే ఓడిపోయి, ఆ ఓటమిని పలమనేరులో కాబోయే మామ ఎదురుగా ఊరేగించిన కథ ఇది. చేతిలో తినేది ఏమన్నా ఉంటే పక్కన పెట్టి చదవండి సామీ, తర్వాత నన్ను తిట్టొద్దు.

అప్పుడు నాకు చిత్తూరులో కొత్తగా మందుల షాపు. తెరిచిన ఏడాదికే సగం డాక్టరునైపోయినంత పొగరు. పలమనేరులో పెరుగు వ్యాపారం చేసే మునస్వామి గారి కూతురు రేవతిని చూసేదానికి పోవాల. ఫోటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు. అయితే ఆ ఇంట్లో ఒక తిరకాసు ఉండాది. కాఫీ, మిక్చరుతో సరిపెట్టే పెళ్ళిచూపులు కాదు. మునస్వామి గారు పిల్లోడి జీతం అడగరు, జాతకం అడగరు. విస్తరి ముందు కూర్చోబెట్టి, వాళ్ళ ఇంటి పెరుగు ఎట్లా తింటాడో చూస్తారు. అంతకు ముందొచ్చిన సంబంధాలన్నీ ఆ పెరుగు దగ్గరే జారిపోయినాయంట.

ఆ రోజు కడుపు నన్ను మోసం చేయకూడదు. దానికి నా సగం డాక్టరు బుర్ర ఒక ఉపాయం కనిపెట్టింది. షాపులోని యాంటీబయాటిక్ మాత్రలు ముందే మింగి, లోపలుండే క్రిములన్నిటినీ తుడిచిపెట్టేయాలని! జబ్బు లేదు, డాక్టరు చీటీ లేదు. వారం రోజులు మింగినాను.

అమ్మ రోజూ మాదిరే సద్దన్నంలో మజ్జిగ పోసి, నంజుకునేదానికి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, తెచ్చిపెట్టింది.

"వద్దు మా. రాత్రంతా పులిసిన దాంట్లో సూక్ష్మజీవులుంటాయి."

"అది తినే కదరా గాడిద మాదిరి పెరిగితివి!"

"నీకు సైన్సు తెలీదు మా."

"నాకు నువ్వు తెలుసు, సాల్లే," అని నా గిన్నె కూడా తనే తాగేసింది.

పెళ్ళిచూపులకు ముందురోజు అమ్మా నేనూ కాణిపాకం పోయి దండం పెట్టుకున్నాం. బయటికొచ్చి ఒకే బండి దగ్గర ఐసు వేసిన చెరుకురసం తాగినాం. "నా కడుపు ఇప్పుడు ఆపరేషన్ థియేటరు మా, అంత శుభ్రం," అని గొప్పలు కూడా పోయినాను.

మరుసటి రోజు పొద్దున్నుంచే లోపల గుడగుడ. పెళ్ళిచూపుల కంగారులే అనుకున్నాను. మునస్వామి గారింట్లో అరిటాకు ముందు కూర్చున్నాను. సంగటి వచ్చింది, నాటుకోడి పులుసు వచ్చింది. కడుపులో ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేసినారు.

"ఇంకొంచెం ఏయించుకోప్పా."

"చా... చాలు మామా." చూసినారా, అప్పుడే మామా అనేసినాను!

ఆయన స్వయంగా పెరుగు కుండ ఎత్తుకొచ్చినారు. గరిటె కుండలోకి దిగింది. నేను లేచినాను.

"ఏందప్పా, పెరుగు ఏయకముందే లేస్తాండావు?"

జవాబు చెప్పే వ్యవధి యాడిది? బాత్రూము ఆవుల కొట్టానికి అవతల. నా పరుగు చూసి ఆవులు తాళ్ళు తెంపుకోబోయినాయి. తిరిగొచ్చి కూర్చున్నాను. గరిటె మళ్ళీ దిగింది. నేను మళ్ళీ లేచినాను. అట్లా పోతా వస్తా ఉంటే ఆవులకు అలవాటైపోయి, అవే పక్కకు జరిగి నాకు దారిచ్చినాయి.

"మా పెరుగు సూస్తానే పారిపోతాండాడే ఈయప్ప!" అని మునస్వామి గారు అరుస్తా ఉంటే బాత్రూములో నాకు ఏడుపొచ్చేసింది. ఇంక రేవతి నాకు దక్కదనుకున్నాను.

బయటికొస్తే కొట్టం దగ్గర రేవతే నిలబడి ఉంది, చేతిలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళ చెంబు. ఆ పిల్ల పాల డెయిరీలో సూక్ష్మజీవుల పరీక్షలు చేస్తాదని ముందే చెప్పినారు. ఫోటో మైకంలో నేనే చెవిన వేసుకోలేదు.

"మాత్రలేమన్నా మింగినారా?"

"ముందు జాగ్రత్తకి... వారం యాంటీబయాటిక్."

"ఏం జబ్బు?"

"జబ్బు లేదు."

విరిగిన పాలను చూసినట్టు చూసింది నన్ను.

"కడుపులో మంచి క్రిములు కోట్ల కొద్దీ ఉంటాయి. కిక్కిరిసిన తిరుపతి బస్సు అనుకోండి. కొత్తగా వచ్చే చెడ్డ క్రిమికి నిలబడే జాగా ఇయ్యవు, మెతుకు మిగల్చవు. మీరు ప్యాసింజర్లను దించేసి తలుపు తెరిచి పెట్టినారు. మాత్రకు లొంగని మొండిదేదో ఎక్కి కాళ్ళు చాపుకునింది."

"మరి మా అమ్మ కూడా నాతోనే చెరుకురసం తాగిందే?"

"అత్తమ్మ బస్సు ఫుల్లు."

అత్తమ్మ! ఆ మాటకు ట్రాక్టరు కూడా ఒక్క క్షణం ఆగింది.

రేవతి లోపలికి పోయి సంగతంతా చెప్పింది. మునస్వామి గారు పడీపడీ నవ్వినారు. "అయితే ఈయనకు జన్మంతా మన పెరుగు పోయాల్సిందేనమ్మా! ఇట్లాంటి అల్లుడు మళ్ళీ దొరుకుతాడా?" తర్వాత డాక్టరు దగ్గరికి కూడా ఆయనే తీసకపోయినారు. ఆడ పడిన తిట్లు ఈడ రాయలేను.

పెళ్ళయింది. ఇప్పుడు షాపులో ఎవరన్నా చీటీ లేకుండా ఆ మాత్రలు అడిగితే రేవతి నన్ను పిలుస్తాది. "ఇట్ల రండి, మీ కథ చెప్పండి." చెప్తాను. ఆవులు దారిచ్చే దాకా వచ్చేసరికి, మాత్రలొద్దని వాళ్ళే పోతారు.

కాబట్టి మామ పెరుగు కుండ మీంద చెయ్యిపెట్టి ఒట్టేస్తాండాను. జబ్బు లేకుండా, డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర జన్మలో ముట్టను. ముట్టాలనుకున్నా కుదరదు లెండి. షాపులో ఆ మాత్రలుండే అల్మరా తాళంచెవి రేవతి కొంగుకుండాది.