పిన్ని అన్నం తినేదాకా నిలబడాల్సిన లంగరు

పిన్ని పెట్టిన షరతు ఒక్కటే. పడవలో తను అన్నం వండి, వడ్డించి, తిని, చెయ్యి కడుక్కునేదాకా ఆ పడవ నిలిపిన చోటే నిలబడాలి. నిలబడితే ఉంటుంది. కదిలితే అమ్మెయ్యాలి.

బాబాయి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మర్నాడే నా దగ్గరకొచ్చి, "ఒరేయ్ ఇంజినీరూ, లంగరు సంగతి నువ్వు చూడు" అన్నాడు.

ఆయన సరుకు ఓడల్లో ఫిట్టరుగా పనిచేసి వచ్చిన మనిషి. అన్నేళ్ళూ పిన్ని గురజాల దగ్గర ఊళ్ళో పొలాన్నీ గేదెల్నీ చూసుకుంది. ఉద్యోగం అయిపోయాక ఆయన ఇంటిపట్టున కొన్నాళ్ళు కుదురుగానే ఉండి, తర్వాత కోస్తా నుంచి పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. సున్నం దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో దాన్ని వేయించుకొచ్చాడు. లోపల ఇద్దరు పడుకోవచ్చు, పొయ్యి పెట్టుకోవచ్చు. కృష్ణ వెనక జలాల్లో రోజుల తరబడి తిరగాలని ఆయన కోరిక. అనుమతి కాగితాలు కూడా తెచ్చుకున్నాడు.

పిన్ని భయం వేరు. "నిద్రలో ఉండంగా పడవ కొట్టుకుపోతే ఏంది గతి? నీళ్ళ మీది మనిషి కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశా నాయనా. ఇంక నా వల్ల కాదు" అంది నాతో. అందుకే ఆ షరతును నేను తమాషాగా తీసుకోలేదు.

నేను పిడుగురాళ్ళలో ఒక సున్నం ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేస్తాను. ఏదైనా కొనేముందు అది ఏయే కారణాలతో విరగొచ్చో వరసగా రాసుకోవడం నాకు అలవాటు. ఈసారి నీటి అడుగు నుంచి మొదలుపెట్టాను. మేం పడవ నిలపబోయే చోట ఒకప్పుడు పొలాలు ఉండేవి. నల్లరేగడి, దాని మీద నాపరాళ్ళు పేర్చి కట్టిన గట్లు. రేగడి బురదలో లంగరు బాగా దిగుతుంది. నాపరాతి అంచు మాత్రం తాడును రంపంలా కోస్తుంది. కాబట్టి అడుగున పాకే భాగం గొలుసు కావాలి. మొత్తం గొలుసే వేస్తే ఆ బరువుకు పడవ ముక్కు కిందికి దిగుతుంది. కాబట్టి పైభాగం తాడు కావాలి. ఇంతవరకూ కాగితం మీద సులువుగానే ఉంది.

ఫ్యాక్టరీలో బరువులెత్తే పాత గొలుసు ఒకటి పక్కన పడి ఉంది. అడిగితే ఇచ్చేవాళ్ళే. కొలిచి చూస్తే కొన్ని కడియాలు సాగి ఉన్నాయి, పైగా జింకు పూత లేదు. వదిలేశాను. లారీ సామాన్ల కొట్లలో దొరికే గొలుసు కడియాలు పొడుగ్గా ఉంటాయి. అవి సరుకు బిగించడానికి బాగుంటాయి గాని, రాయి అంచున పక్కకు లాగితే వంగుతాయి. చివరికి పొట్టి కడియాలది, జింకులో ముంచి తీసినది, ఎనిమిది మిల్లీమీటర్ల మందం గొలుసు తెప్పించాను.

తాడు కోసం నరసరావుపేటలో బోరు మోటార్ల సామాను అమ్మే కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన నీలం తాడు చుట్ట నా ముందు పడేశాడు.

"చూడు బాబూ, మోటారు మొత్తం వేలాడదీసినా సాగదు."

"నాకు సాగేది కావాలండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సాగే తాడు ఇయ్యమన్నోణ్ణి నిన్నే చూస్తన్నా. ఏం కడతావేంది దానికి?"

"పడవ."

"పడవా? పేటలోనా?" లోపలికి తిరిగి, "ఏమే, ఇట్టా రా ఒకసారి! పడవ కొన్నాడంట!" అని భార్యను కేకేశాడు.

ఆమె వచ్చి, నన్ను చూసి, వీధిలోకి తొంగి చూసింది, బయట పడవ ఆగి ఉందేమోనని.

ఆయన తప్పేం లేదు. బోరులో మోటారు కిందికి జారకూడదు, అక్కడ సాగని తాడే మంచి తాడు. పడవ సంగతి అలా కాదు. గాలి ఒక్కసారిగా తోసినప్పుడు ఆ కుదుపును ఏదో ఒకటి మింగాలి. తాడు సాగి మింగకపోతే ఆ దెబ్బ లంగరు మీద పడి అది ఊడొస్తుంది. పైగా ఆ నీలం తాడు నీళ్ళ మీద తేలుతుంది, ఎవరి మరపడవకైనా చుట్టుకుంటుంది. నాకు కావలసిన మూడు పేటల నైలాన్ తాడు నిజాంపట్నంలో వలల కొట్లో దొరికింది.

ఇక కలిపే సామాను. లంగరుకూ గొలుసుకూ మధ్య ఒక షాకిల్, అంటే మరతో మూసుకునే ఇనుప కొంకి, గొలుసుకూ తాడుకూ మధ్య ఇంకొకటి. ఎంత బరువు ఆపగలదో ఒంటి మీద ముద్ర కొట్టి ఉన్నవే తీసుకున్నాను. తాడు కొసలో గాడి ఉన్న ఇనుప కన్ను పెట్టి, దాని చుట్టూ పేటలు విప్పి బాబాయి తన చేత్తో అల్లాడు. షాకిల్ మరలు బిగించి, అదురుకు ఊడకుండా సన్నతీగతో కట్టేశాను.

పిన్ని వచ్చి అంతా చూసింది. "మన గేదె గొలుసుకే మధ్యలో తిరుగుడు ఉందే! గుంజ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా మెలిపడదు. మీ పడవకి లేదేంది?"

"అతుకు ఒకటి పెరిగితే తెగే చోటు ఒకటి పెరిగినట్టే పిన్నీ."

"సరే, మెలిపడనీ, నాకేంది" అంది.

బాబాయి మాత్రం ఒకటే అడిగాడు. "పడవలో ఉండే కొస కట్టావా? లంగరు నీళ్ళపాలు చేసుకున్నోళ్ళంతా ఆ కొస మర్చిపోయినోళ్ళేరా." తెరచాప స్తంభం మొదట్లో కట్టాను. తీసుకెళ్ళి చూపించాను కూడా.

ఆ రోజు పొద్దున లంగరు వేసి, నీటి లోతుకు అయిదింతలకు పైగా తాడు వదిలాం. నీళ్ళు తగ్గి, మునిగిన కరెంటు స్తంభం ఒకటి తల బయటపెట్టి ఉంది. పిన్ని దాన్నే గురుతుగా పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఎసరు మరిగేలోపే గాలి మళ్ళింది, పడవ నెమ్మదిగా చుట్టు తిరిగింది.

"ఏమయ్యా, ఇది పోతంది!"

"పోవట్లేదే, తిరగతంది. లంగరు యాడిది ఆడనే ఉంది" అన్నాడు బాబాయి.

ఆమెకు ఎండ తగలకుండా వెనకవైపు గుడ్డ కట్టే పనిలో మేమిద్దరం ఉన్నాం. అన్నం దించి, పప్పు పొయ్యిమీద పెట్టి, పిన్ని లేచి ముందుకు వెళ్ళింది. మేం చూడలేదు. గేదె ఎక్కువ దూరం తిరుగుతుంటే ఏం చేస్తారో అదే చేసింది. తాడు లాగి, పొట్టి చేసి, పడవ ముందు తాళ్ళు కట్టేందుకున్న ఇనుప కొమ్ముకు కట్టింది.

పప్పు తిరగమోత పెట్టే వేళకు పడమర నుంచి దుమ్ముతో గాలి లేచింది. పడవ ముక్కు ఒక్క ఊపు ఊగి కిందికి గుంజుకుంది. స్తంభం మా పక్కనుంచి ముందుకు జరగడం మొదలైంది. జరుగుతున్నది స్తంభం కాదని నాకు తెలుసు. మా వెనక, దగ్గర్లోనే, నీళ్ళు తగ్గి పైకి తేలిన నాపరాళ్ళ గట్టు.

ముందుకు పరిగెత్తాను. తాడు నీళ్ళలోకి నిట్టనిలువుగా దిగి ఉంది. అలా పైకి లాగితే ఏ లంగరూ పట్టదు, అడ్డంగా లాగాలి. కొమ్ము మీది ముడి బిగిసి ఉంది. పీకాను, రాలేదు.

"తాడు వదలాలి పిన్నీ! ఎవరు కట్టారిది?"

"నేనే! లెగు, అవతలికి లెగు!" పిన్ని గరిటె పక్కన పడేసి వచ్చి, ముడి కొసను పట్టి ఒక్క గుంజు గుంజింది. బెదిరిన గేదెను విడిపించేందుకు వేసే ముడి అది. ఎంత బిగిసినా కొస లాగితే ఊడుతుంది. తాడు చుట్టలు చుట్టలుగా బయటికి పరిగెత్తింది. కొస కట్టిందే గదా అని తెరచాప స్తంభం మొదటికేసి చూశాను. నేనే కట్టాను, చూపించాను కూడా, అయినా చూశాను.

తాడు చివరిదాకా వెళ్ళి, ఏటవాలుగా లేచి, సన్నబడి, పిండినట్టు నీళ్ళు కార్చింది. అడుగున గొలుసు ఎక్కడో రాతిని గీరిన చప్పుడు పడవ చెక్కల్లో వినిపించింది. తర్వాత పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగింది. స్తంభం ఆగిపోయింది. గాలి వచ్చినప్పుడల్లా తాడు సాగి, మళ్ళీ దగ్గరికి లాక్కుంటోంది. స్తంభం మాత్రం కదల్లేదు. తాడు మీద చెయ్యి పెట్టుకుని అక్కడే కూలబడ్డాను.

పప్పు కొంచెం ఒలికింది. మిగిలింది వేసుకుని ముగ్గురం తిన్నాం. పిన్ని తింటున్నంతసేపూ స్తంభాన్నే చూసింది. బాబాయి తలెత్తలేదు. చెయ్యి కడుక్కున్నాక ఉండబట్టలేక, "కదిలింది గదా మరి. అమ్మాల్నా?" అన్నాడు.

"నేను కట్టినప్పుడు కదిలింది. మీరు కట్టిన కొసదాకా వదిలినాక కదిలిందా?"

"లేదు."

"మరి?" అంది పిన్ని, గిన్నెలు నీళ్ళలో ముంచుతూ. "గేదెకి పొట్టిగా, దీనికి పొడుగ్గా. ముందే చెప్పొచ్చు గదా, చదువుకున్నోళ్ళు. మళ్ళీసారి ఆ ముందర కొమ్ము కాడ నేనే కూర్చుంటా."

మళ్ళీసారి అన్న మాట విని బాబాయి నా వైపు చూశాడు. గిన్నెలు తనే తీసుకుని తోమడం మొదలుపెట్టాడు.

గాలి తగ్గాక లంగరు లాగాం. దాని నిండా నల్లరేగడి. గొలుసు కడియాల మీద రాయి గీసిన తెల్లటి గీతలు, అన్నీ గొలుసు మీదే. షాకిళ్ళ తీగలు కట్టింది కట్టినట్టే ఉన్నాయి. తాడును మొదటినుంచి చివరిదాకా వేళ్ళ మధ్య జారనిస్తూ తడిమాను. ఒక్క పోగు కూడా లేవలేదు.