మామ చేత్తో కొన్న పేరు

మా వెబ్‌సైటు పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఊరుకోరు, ఫోను తీసి కొట్టి చూస్తారు. ఇప్పుడు అక్కడ ఎవరో రమ్మీ ఆడిస్తున్నారు.

మా నాన్నకు నాచారంలో చిన్న షెడ్డు ఉంది. ఇనుప సామాను చేసే కంపెనీలో చాలాకాలం వెల్డింగు చేసి, అది మూతపడ్డాక సొంతంగా దవాఖానా మంచాలు చేయడం మొదలుపెట్టాడు. తలవైపు పైకి లేచేవి, పక్కలకు కడ్డీలుండేవి. అమ్మడం తక్కువ, కిరాయికివ్వడం ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లు పడకేసినప్పుడు అవి ఉన్నపళంగా కావాలి. ఆ కంగారులో జనం ఫోనులో వెతుకుతారు. అలా వెతికేవాళ్ల కోసమే దొంగలు కాచుకుని కూర్చుంటారు. అడ్వాన్సు వేయించుకుంటారు, మంచం మాత్రం రాదు. అందుకే మాకూ ఒక వెబ్‌సైటు ఉండాలనీ, దాని పేరు చూడగానే నమ్మబుద్ధి కావాలనీ నాన్న వెంట పడ్డాను.

నేను పోచారంలో ఒక ఐటీ కంపెనీ హెల్ప్‌డెస్కులో పనిచేస్తాను. పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లు నాకు ఫోను చేస్తారు. 'మీరు మీరేనని రుజువు లేకుండా నేనేమీ చేయలేనండీ' అని తియ్యగా చెప్పడం నా ఉద్యోగం. ఆ మాట అంటే అవతలివాళ్లకు ఎంత ఒళ్లు మండుతుందో నాకు చాలాకాలం తెలియలేదు.

పేరు ఎంచుకోవడం ఉప్పల్‌లో మా ఇంట్లో పెళ్లిచూపులంత తతంగమైంది. నాన్న, అమ్మ, అమ్మకు అన్నయ్య అయిన మా మామ, నేను. చిన్నగా ఉండాలి, అంకెలు వద్దు, మధ్యలో గీతలు వద్దు, చివర డాట్ కామే ఉండాలి అని నేను చెప్పాను. చవగ్గా దొరికే కొత్త కొత్త తోకలు తగిలిస్తే జనం భయపడతారన్నాను. నాన్న ఇవేవీ వినిపించుకోలేదు. ఆయనకు ఇలవేల్పు పేరు పెట్టాలని ఉంది.

"దేవుని పేరుంటె ఎవలైన నమ్ముతరు" అన్నాడు.

"దేవుని పేరు దొంగలు గూడ పెట్టుకుంటరు బావ" అన్నాడు మామ. "ఊరి పేరు పెట్టు. వీడు ఈడనే ఉన్నడు, యాడికి పారిపోడు అని తెల్వాలె. పక్కన మంచం మాట పెట్టు. సరిపాయె."

అంతటితో ఆగలేదు మా మామ. నేను రాసిచ్చిన పేర్లు పట్టుకుని ఉప్పల్ చౌరస్తాకు వెళ్లాడు. మెట్రో కింద, బస్సుల హారన్ల మధ్య నిలబడి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకాయనది చెంగిచెర్లలో కిరాణం, ఇంకొకాయన ఘట్‌కేసర్ వైపు ఆటో నడుపుతాడు. పేరు ఒక్కసారే చెప్పి, "రాసుకోని మల్ల నాకు చదువు" అనేవాడు. వాళ్లు తడబడితే ఆ పేరు కొట్టేసేవాడు. మా ఆఫీసులో ఇంత పకడ్బందీగా ఏ పరీక్షా చేయరు. చివరికి ఒక పేరు అందరికీ ఒక్కసారికే అందింది. మామ మొహం వెలిగిపోయింది. నాకూ నచ్చింది. నిజంగా మంచి పేరు.

కొనడానికి నా ల్యాప్‌టాప్ తెరిచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డ. అన్న చేత్తోని కానియ్యి."

మా ఇంట్లో అది ఆనవాయితీ. ఏ కొత్త పనైనా మామ చేత్తోనే మొదలవాలి. బోరు ఎక్కడ వేయాలో మామే చూపించాడు, నీళ్లు పడ్డాయి. కొత్త బండి మొదటి కిక్కు మామదే. షెడ్డులోంచి మొదటి మంచం బయటికి వెళ్లినప్పుడు ఒక పక్క మామే ఎత్తాడు, ఆ తర్వాత మంచాలు షెడ్డులో నిలవలేదు. మామ చెయ్యి మంచిది. ఈ విషయంలో మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

అయినా వాదించాను. ఇది బోరు కాదు, ఎవరి చేత్తో కొంటే వాళ్ల మెయిలుకూ వాళ్ల ఫోను నంబరుకూ కట్టుబడి ఉంటుంది అన్నాను. "దీనికి నీ ఫోనే తాళంచెవి అయితది మామా" అన్నాను.

"అయితె ఏమైతది బిడ్డ? నేనేడికి పోత?" అన్నాడు మామ.

తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తూర్పు ముఖంగా కూర్చుని తన ఫోనులో బొటనవేలితో నొక్కాడు. ఏటా డబ్బు కట్టాలని మళ్లీ మళ్లీ గుర్తుపెట్టుకోవడం ఎందుకని కొన్నేళ్లకు కలిపి ఒకేసారి తీసుకున్నాడు. అమ్మ అందరికీ పాయసం పెట్టింది. నేను ముభావంగా తిన్నాను, కానీ రెండోసారి వేయించుకున్నాను.

ఆ చెయ్యి నిజంగానే మంచిదేమో! పేరు నిలబడింది. నాన్న రేకు మీద అక్షరాలు కత్తిరించి అచ్చు చేసుకుని, ప్రతి మంచానికీ తలవైపు కడ్డీ మీద పసుపు రంగుతో వెబ్‌సైటు పేరు కొట్టేవాడు. ఒక ఇంట్లో మంచం చూసినవాళ్లు ఇంకో ఇంట్లో అవసరం పడినప్పుడు ఆ పేరే కొట్టి మమ్మల్ని పట్టుకునేవారు. బోడుప్పల్, చెంగిచెర్ల, ఘట్‌కేసర్ దాకా మా మంచాలు వెళ్లాయి.

మామ ఒక మామూలు పనిరోజు పొద్దున గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానాకు తీసుకెళ్లాం, తిరిగి రాలేదు. ఆ గందరగోళంలో ఆయన ఫోను ఎక్కడో పోయింది. మా అత్త దాని గురించి అడగలేదు. మేమూ అడగలేదు. మనిషే పోయాక ఫోనుదేముంది? ఏడాది మాసికం దాకా మాకు ఆ ఊసే రాలేదు. ఆ తర్వాత ఒకరోజు మా వెబ్‌సైటు గడువు చూశాను. దగ్గరికొచ్చేసింది.

పేరు అమ్మిన కంపెనీకి ఫోను చేశాను. విషయమంతా చెప్పాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "మీరు ఖాతాదారని రుజువు లేకుండా నేనేమీ చేయలేనండీ" అంది. ఎంత తియ్యగా అందంటే, నా గొంతే నాకు వినిపించింది. ఖాతా తెరవాలన్నా, మామ మెయిలు తెరవాలన్నా మామ నంబరుకే ఓటీపీ వెళ్తుంది. లేదంటే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం పంపాలి. మా అత్తతో అర్జీ పెట్టించాను. తహసీల్దారు ఆఫీసులో ఆ కాగితం కదిలినప్పుడు కదులుతుంది. గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

"కరెంటు బిల్లు ఎవలన్న కట్టొచ్చు గద? మన పేరు మనం కట్టుకుంటమంటె వద్దంటరేంది?" అన్నాడు నాన్న. ఐటీలో పనిచేసే కూతురు దగ్గర జవాబు ఉంటుందని ఆయన ఆశ.

అప్పుడు అమ్మే అంది, ఆ నంబరుకు ఒకసారి చేసి చూద్దామని. అమ్మ ఫోనులో అది ఇంకా 'అన్న' అనే ఉంది. స్కూటర్ మీద మంకీ క్యాప్ పెట్టుకున్న మామ ఫోటోతో సహా ఉంది. తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చేస్తే మోగింది. మోగేసరికి అమ్మ మొహంలో ఒక వెర్రి ఆశ కనిపించింది, నేను చూశాను. ఎవరో ఆడమనిషి ఎత్తి "ఎవరండీ?" అంది. అమ్మ ఫోను నా చేతిలో పెట్టేసింది.

రీచార్జి లేక ఆగిపోయిన ఆ నంబరును ఫోను కంపెనీ కొత్తగా ఆమెకు ఇచ్చిందట. కోస్తా మాట. నేను మొత్తం చెప్పాను. మా మామ గురించి, మంచాల గురించి, వెబ్‌సైటు పేరు కూడా విడమరిచి చెప్పాను. ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, దయచేసి చదివి చెప్పమన్నాను.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు కదమ్మా" అంది ఆమె.

"నిజమేనండీ. కానీ ఇది మీకు సంబంధించింది కాదు, మా మామయ్యది."

"అందరూ అలాగే చెబుతారమ్మా. పోయినసారి ఒకతను కూడా ఏడుస్తూనే అడిగాడు. చెప్పి పోగొట్టుకున్నాం."

"పోనీ మీ మెసేజులు తీసి చూడండి, మా వెబ్‌సైటు పేరుతో ముందే ఏమైనా వచ్చి ఉండొచ్చు."

"మెసేజు తెరవమనేవాళ్లే దొంగలని టీవీలో చెబుతున్నారు. మీరు చదువుకున్న పిల్లలా ఉన్నారు, ఇలాంటి పనులు చేయకండమ్మా."

పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. కానీ ఎవరి మీద? ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. మా అమ్మకు ఇలాంటి ఫోను వస్తే ఇదే చెప్పమని నేర్పింది నేనే. నమ్మకమైన పేరు కోసం ఇన్ని పాట్లు పడ్డ మేము, ఒక్క మనిషికి మేం దొంగలం కాదని చెప్పుకోలేకపోయాం. మళ్లీ చేస్తే ఆమె ఎత్తలేదు.

గడువు దాటింది. కొన్నాళ్లు తెల్లటి పేజీ వచ్చింది. వారసుల పత్రం చేతికి వచ్చేనాటికి ఆ పేరు ఎవరో కొనేసుకున్నారు. పేకముక్కలు మెరుస్తూ తిరగడం మొదలైంది. చెంగిచెర్ల నుంచి ఒకాయన నాన్నకు ఫోను చేశాడు. వాళ్ల నాన్న మా మంచం మీదే ఉన్నాడు.

"ఏం దందా చేస్తున్నరు మీరు? పానం బాగలేని ముసలాయన తలకాడ జూదం పేరా?"

నాన్న సంజాయిషీ చెప్పాడు, చెప్పిందే మళ్లీ చెప్పాడు. ఆయన వినలేదు. ఆ రోజు నుంచి తిరిగొచ్చిన ప్రతి మంచం మీదా నాన్న పసుపు అక్షరాలు గీకి, నల్లరంగు పూస్తున్నాడు. తిరిగిరాని మంచాలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఒక్కో ఇంటికీ వెళ్లి గీకలేం కదా. కొత్త పేరు కొందాం నాన్నా అంటే, "ఎవల చేత్తోని?" అని నా వైపు చూశాడు.

మొన్న ఆదివారం వంటింట్లో అమ్మ ఫోను మోగింది. నేను పప్పు కడుగుతున్నాను. అమ్మ తెర చూసి, ఆలోచించకుండానే "అన్న చేస్తుండు" అంది. ఆ మాట అన్నాక పొయ్యి గట్టు పట్టుకుని నిలబడిపోయింది. నేను తడి చేత్తోనే ఎత్తి స్పీకరు పెట్టాను.

"ఆ రోజు మాట్లాడిన అమ్మాయేనా అండీ?" అంది ఆమె. "ఫోను నిండిపోయిందంటే మెసేజులు చెరిపేస్తూ చూశానమ్మా. మీరు చెప్పిన పేరుతోనే ఉన్నాయి, చాలా ఉన్నాయి. గడువు దగ్గరపడిందనీ, ఇంకా టైముందనీ. చివరిదాంట్లో ఆ పేరు తీసేశామని ఉంది. మీరు నిజమే చెప్పారమ్మా. అప్పుడు నాకెలా తెలుస్తుంది చెప్పండి? ఇప్పుడు ఓటీపీ వస్తే చెబుతానండీ. పంపించండి, నేను ఫోను పట్టుకునే కూర్చున్నాను."

అంతా అయిపోయిందని ఆమెకు చెప్పబోయాను. నా చేతిలోంచి ఫోను అమ్మ తీసుకుంది.

"మంచిదమ్మ. నువ్వు జేసిందే మంచిది, ఫికర్ జెయ్యకు" అంది. తెర మీది మామ ఫోటో వైపు చూసింది. "ఒక్క మాట బిడ్డ. గా నంబరు మాత్రం ఇడువకు. రీచార్జి చేయించుకుంట ఉండు."