గెకో తొట్టెకి సరిపడే కొలత

రాజాంలో మా దుకాణానికి స్కూలు యూనిఫాం కుట్టించడానికి వచ్చే ఏ తల్లీ పిల్లాడి ఒంటికి సరిగ్గా కుట్టమనదు. "వచ్చే ఏడుక్కూడా రావాల, లూజుగా కుట్టు" అంటుంది. నేనూ అలాగే కుడతాను. చేతులు మడత పెట్టి, నడుం దగ్గర లోపల గుడ్డ వదిలి, పిల్లాణ్ణి గోనెసంచిలోకి దించినట్టు దించుతాను. ఇన్నేళ్లూ అదే పని చేసి చేసి, ఏ వస్తువైనా ఒక సైజు పెద్దది తెచ్చుకోవడమే తెలివైన పని అని నా బుర్రలో ముద్ర పడిపోయింది. గెకో తొట్టె కింద పరిచి కరెంటుతో వెచ్చబెట్టే హీట్ మ్యాట్ తెప్పించినప్పుడు కూడా నా బుర్ర ఆ దారినే పోయింది.

గెకో అంటే విదేశీ బల్లి. అది మా బావమరిదిది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, అద్దె గదిలో దాన్ని గాజు తొట్టెలో పెంచుకునేవాడు. పసుప్పచ్చ ఒళ్లు, నల్ల మచ్చలు, వేలంత లావు తోక. మొదటిసారి చూసినప్పుడు "ఇలాంటివి మా గోడ మీద ఊరికే తిరుగుతాయిరా" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. పోయిన వానాకాలం బండి మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు. గది ఖాళీ చెయ్యడానికి వెళ్లినప్పుడు, మా ఆవిడ తమ్ముడి మంచం, బట్టలు అన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, ఆ తొట్టెని మాత్రం ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. బల్లి మీద పడితే పరిగెత్తుకెళ్లి తలస్నానం చేసే మనిషి, మర్నాటి నుంచి పట్టకారుతో దానికి పురుగులు తినిపించడం మొదలెట్టింది.

ధనుర్మాసం వచ్చేసరికి మంచు పట్టుకుంది. గెకో తిండి మానేసింది. కడుపు కింద వెచ్చగా ఉంటే తప్ప దానికి తిన్నది అరగదట. విశాఖలో వాడి గదిలో ఇంత చలి ఉండేది కాదు. కొవ్వంతా తోకలో దాచుకునే ప్రాణి అది. ఆ తోక రోజురోజుకీ సన్నబడిపోతోంది. మా ఆవిడ తొట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని, తన తిండి కూడా మరిచిపోయేది.

"ఇది కూడా పోతే నాకేటి మిగుల్తాది మావా?" అంది ఒక పొద్దున్న.

నాకు భయం వేసింది. ఆ భయం బల్లి గురించి కాదు.

విశాఖలో పెంపుడు జంతువుల సామాన్లమ్మే కొట్టుకి ఫోను చేసి హీట్ మ్యాట్ కావాలన్నాను. తొట్టె పొడుగెంత, వెడల్పెంత అని అడిగాడు కొట్టతను. "నీ దగ్గరున్నాటిలో పెద్దది పంపు బాబూ, సలి సంపేస్తన్నాది" అన్నాను. పక్కనుంచి మా ఆవిడ కూడా "పెద్దదే, పెద్దదే" అంది. బస్సు పార్సిల్లో వచ్చింది. నల్లటి పల్చటి రేకులా ఉంది. దాంతోపాటు వైరు, వేడి హద్దు దాటకుండా చూసే చిన్న డబ్బా. తొట్టె కింద పరిస్తే అడుగు మొత్తానికీ పట్టి, అంచులు ఇంకో వేలెడు బయటికొచ్చాయి. నాకు మహా తృప్తిగా అనిపించింది.

సాయంత్రానికి గెకో వెళ్లి నీళ్ల గిన్నెలో కూర్చుంది. మర్నాడు గాజుకి ముందుకాళ్లు ఆనించి నిలబడింది. "ఒళ్లు వెచ్చబడింది కదా, ఉషారొచ్చింది" అన్నాను.

"ఉషారు కాదు మావా. దిగడానికి భయపడతన్నాది. సూడు, కాలు తీసి కాలు పెడతన్నాది."

లోపల చెయ్యి పెట్టి చూశాను. ఏ మూల ముట్టుకున్నా ఒకటే వేడి.

కొట్టతన్ని కడిగేద్దామని మళ్లీ ఫోను చేశాను. అతను నా మాట పూర్తి కానివ్వలేదు. "తొట్టె అడుగులో మూడో వంతుకే రావాలన్నా, మహా అయితే సగానికి. అదీ ఒక పక్కకే. దానికి మనలాగ ఒంట్లో వేడి పుట్టదు. చలేస్తే వెచ్చని వైపుకి పోతుంది, వేడెక్కితే చల్లని వైపుకి పోతుంది. మొత్తం పరిచేస్తే ఇంకెటు పోతుంది? అందుకే కదా కొలతలడిగాను!" మెళ్లో టేపు వేసుకుని తిరిగే మనిషిని పట్టుకుని కొలతలు చెప్పలేదని తిట్టాడు. ఒళ్లు మండింది కానీ, తిరిగి తిట్టడానికి నాకు సందు దొరకలేదు.

ఫోను పెట్టేసి కత్తెర తీశాను. మూడో వంతు ఉంచి మిగతాది తెగ్గొడితే పోయె కదా అనుకున్నాను. మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని లాగేసింది.

"అది గుడ్డేటి కత్తిరించడానికి? దాన్నిండా కరెంటు తీగలే. ఇంకో సావు సూపిస్తావేటి నాకు?"

తమ్ముడు పోయాక సావు అన్న మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. కత్తెర మిషను మీద పెట్టేశాను.

ప్లగ్గు పీకేసి, తొట్టె కొలిచాను. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. ఫోనులో ఈసారి బుద్ధిగా చెప్పాను. ఎనిమిదంగుళాల వెడల్పున్నది పంపుతానన్నాడు. అది వచ్చేదాకా మా ఆవిడ తన శాలువా తీసి తొట్టెకి చుట్టింది. గెకో ఒక మూల ముడుచుకుని ఉండిపోయింది. కదిలించి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

చిన్న మ్యాట్ వచ్చాక తొట్టె ఎడం చివర కింద అమర్చాం. పిసినారి పనిలా కనిపించింది నాకు. గెకో చాలాసేపటికి కదిలింది. ఎడం వైపుకి పాక్కుంటూ వెళ్లి కడుపు నేలకి ఆనించి పడుకుంది. మధ్యాహ్నం దాటాక లేచి, ఎవరూ చెప్పకుండా చల్లని వైపుకి వెళ్లింది. మర్నాడు మా ఆవిడ పట్టకారుతో పురుగుని పెడితే తల తిప్పి చూసింది. తోక కొస అటూ ఇటూ ఆడించింది. ఒక్క ఉదుటున అందుకుని మింగేసింది.

మా ఆవిడ గట్టిగా నవ్వి, చెయ్యి చీరకి తుడుచుకుని ఫోను అందుకుంది. నొక్కబోయి ఆగిపోయింది. ఎవరికి చెయ్యబోయిందో నాకు తెలుసు. ఆ నంబరు మా ఇద్దరి ఫోన్లలోనూ ఇంకా అలాగే ఉంది. ఫోను పట్టుకుని అలా నిలబడిపోయింది.

"నాకు సెప్పే" అన్నాను.

పీట మీద కూర్చుంది. తల ఎలా తిప్పిందో, తోక ఎలా ఆడించిందో, పురుగుని ఎలా అందుకుందో, పక్కనే ఉండి నేను చూసినదంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

"అవునా?" అన్నాను. "ఆ తరవాతేటయింది?"