రెండు నిమిషాల గడువు

ఆమె పేరు నాకు తెల్వది. నేను చేసిన ఫారంల తండ్రి పేరే అడిగిన. పిల్లల కబడ్డీ లీగ్‌కు కాయితం ఫారాలు తీసేసి, కొత్త వెబ్‌సైట్ పెట్టిన రోజులవి. రాయికల్‌ల బీడీలు చేసే ఆమె, బిడ్డ పేరు రాయించనీకె జగిత్యాలల మా ఆఫీసుకు మూడు రోజులు తిరిగింది. ఆధార్‌కు ఎక్కించిన నంబరు, ఓటీపీ వచ్చే సిమ్ము, దుబాయిల ఇంటాయన దగ్గర ఉండె. పనిమీదున్న ఆయన ఫోన్ ఎత్తి నంబరు చెప్పేసరికి రెండు నిమిషాల గడువు దాటిపోయేది. ఎదురుచూసినంతసేపు ఆమె వేళ్లు ఉత్తగనే బీడీ చుట్టేటియి.

ఆఖరి రోజు పేర్లు తీసుకునుడు బందయింది. "మీరేం జేస్తరు సారూ, మాకే సదువు రాకపాయె," అనుకుంట లేచింది.

ఆ రెండు నిమిషాలు పెట్టింది నేను. అయినా ఆమె మాటకు ఔనన్నట్టు తల ఊపిన.