నాయన చేతిలో పడుగు

మొన్న పొద్దున ఫోనులో మా మేనకోడలి ప్రసంగం వింటూ తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాను. ఈసారి శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది ఆ పిల్ల. చెరువుకు నీళ్ళు తెచ్చే వంకను ఆక్రమించినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే ఖాళీ చేయించాలనీ, తాగునీటి బావుల చుట్టుపక్కల కొత్త బోర్లు వేయనివ్వకూడదనీ, మైకు పట్టుకుని, ఇంట్లో కూర్చుని మాట్లాడినంత తాపీగా చెబుతోంది. మాట బాగుంది, గొంతూ బాగుంది, నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే సరిగ్గా ఆ రెండు మాటలే చెప్పి మా నాయన కూడా ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డాడు.

మాది ధర్మవరంలో మగ్గాల వీధి. వానలు రాకపోవడం మా వైపు వింతేమీ కాదు కానీ, ఆ ఏడు వీధి బావి అడుగు కూడా ఎండి, ఆడవాళ్ళు బిందెలు మోసుకుని ఊరి బయటికి పోవలసి వచ్చింది. వంకకు అడ్డంగా కట్ట వేసుకుని, బోరు పక్కన బోరు దించిన ఒక పెద్దమనిషి చీనీతోట, అదే బత్తాయి తోట, మాత్రం పచ్చగా ఉండేది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, అందరూ గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. పొద్దస్తమానం మగ్గం చప్పుడులో బతికిన మనిషి కావడం వల్లనో ఏమో, నాయనకు గొంతు తగ్గించడం చేతకాదు. నామినేషను వేసి, ఆ కట్ట తీయిస్తానని కూడలి కూడలికీ తిరిగి చెప్పాడు. అమ్మ ఆ రోజు నుంచి మా పక్కలు వీధి అరుగు మీద వేయడం మానేసింది. నడివేసవిలో గాలాడని నట్టింట్లో మమ్మల్ని పడుకోబెట్టి, తను తలుపుకు ఆనుకుని కూర్చునేది, నాయన ఎంత ఎగతాళి చేసినా కదిలేది కాదు.

ఆ రోజుల్లో కొత్త పడుగు, అంటే చీరకు నిలువుగా వేసే పట్టు పోగుల వరస, వచ్చిందంటే, ఎండ ముదరకముందే వీధి పొడవునా సాగదీసి, తెగిన పోగులు ముడివేసి చుట్టేవాళ్ళు. ఎవరింటి పడుగైనా ఇరుగుపొరుగు వచ్చి చేయి వేయవలసిందే. సాగదీసిన పడుగును దాటడం మా వీధిలో లేదు, పాలబండి కూడా చుట్టు తిరిగి పోయేది. కొస పట్టుకున్న మనిషి చేయి వదిలితే పట్టంతా చిక్కుపడి, ఆ ఇంటికి కొన్ని నెలల కూడు పోయినట్టే.

ఒక పొద్దున ఎదురింటివాళ్ళ పడుగు సాగదీశారు. అటు కొస రాతిస్తంభానికి కట్టి ఉంది, ఇటు కొస నాయన చేతుల్లో ఉంది. ఆ పెద్దమనిషి జీపు వీధి మొదట్లో ఆగేసరికి, అంతవరకూ పోగులు ముడివేస్తున్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళలో దూరి తలుపులు వేసుకున్నారు. నడివీధిలో నాయన ఒక్కడే మిగిలాడు. పారిపోవచ్చు, కానీ పోతే ఎదురింటివాళ్ళ బతుకు మట్టిలో పడుతుంది. మా తలుపు వెనక నిలబడి అమ్మ నా భుజం పట్టుకున్న పట్టుకు గోళ్ళు దిగాయి, నాకు నొప్పి తెలియలేదు.

జీపు దిగిన ఆ పెద్దమనిషి మనుషుల్లో వయసు మళ్ళినవాడు నింపాదిగా అడిగాడు. "ఏమప్పా, నామినేషను వాపసు తీసుకుంటావా లేదా? మాయన్నకు నీ మాటలు నచ్చలేదు."

"బావిలో నీళ్ళు లేవు కాబట్టి చెప్తాండా. నీళ్ళొస్తే చెప్పను," అన్నాడు నాయన, చేతులు కదపకుండా.

ఆ ఇరుకు వీధిలో వాడు నాయన మీదికి రావాలంటే పడుగు దాటాలి. చెప్పుకాలు ఎత్తాడు. అంతే, ఎదురింటి అవ్వ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. "కాలు తీయప్పా, పట్టుండాది ఆడ," అంది. ఆమె వెనక కొడుకు, పక్కింటివాళ్ళు, ఆ పక్కవాళ్ళు వచ్చి, పడుగు పొడవునా చేతులడ్డం పెట్టి నిలబడ్డారు. వాడు ఒకసారి అందరినీ చూసి, నాయనతో "ఓట్లయినాక మాట్లాడుకుందాంలే అన్నా," అని జీపెక్కాడు. పడుగు చుట్టడం పూర్తయ్యాక నాయన ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళడిగాడు. చెంబు ఆయన పళ్ళకు టకటకా కొట్టుకుంటుంటే, ఆయన కూడా భయపడతాడని నాకు అప్పుడే తెలిసింది, దాంతో నా భయం రెట్టింపయింది.

నాయన ఓడిపోయాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు, వాళ్ళకు ఆ అవసరం లేకపోయింది. అయినా అమ్మ బతికినన్నాళ్ళూ వీధిలో జీపు చప్పుడైతే చేతిలో పని ఆపేసేది. ఆ రోజు తలుపులు తెరుచుకున్నది నాయన కోసం కాదని ఆమెకు తెలుసు. నాయనకూ తెలుసు, కానీ ఆ వీధివాళ్ళను ఒక్కమాట అనలేదు. పట్టు వాళ్ళ కూడు కదా అనేవాడు.

నిన్న మేనకోడలికి ఫోను చేసి, జాగ్రత్తగా ఉండమన్నాను. "ఆ కాలం పోయిందిలే అత్తా, ఇప్పుడు నన్ను ఫోన్లలో అందరూ చూస్తాండారు," అని నవ్వింది. చూస్తారు, నిజమే. ఆ రోజు మా వీధివాళ్ళూ తలుపు సందుల్లోంచి చూశారు. చూస్తున్నవాళ్ళు బయటికి రావడానికి అప్పుడు వాళ్ళదైన వస్తువొకటి మా నాయన చేతుల్లో ఉంది. ఇప్పుడు పడుగులు ఎక్కడో యంత్రాల మీద చుట్టినవే ఇళ్ళకు వస్తున్నాయి, వీధుల్లో ఎవరూ సాగదీయడం లేదు. ఆ పిల్ల చేతిలో మైకు తప్ప ఏమీ లేదు.