గొళ్ళెం తీసింది చెల్లె కాదు

మొన్న ముల్చేరలో చెల్లె ఇంట్లో భోజనాలవుతుంటే, ఆమె రెండేళ్ళ మనుమరాలు పళ్ళెం తోసేసి, అన్నం తానే కలుపుకుంటానని మొండికేసింది. అందరూ నవ్వారు. అమ్మమ్మ పోలికేనని, ఆమె కూడా ఈ వయసులో తలుపు గొళ్ళెం తీసి ఒక్కతే ప్రాణహిత దాకా పోయిందని మా అక్క పాత కథ ఎత్తుకుంది. చెల్లె కూడా నవ్వింది. నేను తల వంచుకుని పెరుగన్నం తిన్నాను. ఆ కథ అల్లింది నేనే.

ఎనభైల్లో మేం సిరొంచలో ఏటి ఒడ్డుకు దగ్గరగా ఉండేవాళ్ళం. నాన్నకు ఏటపల్లి అడవుల్లో ఉద్యోగం. బస్సు దొరికితే నెలకోసారి వచ్చేవాడు. అక్కకు పన్నెండేళ్ళు, నాకు పది, చెల్లెకు రెండు దాటాయి. చెల్లెకు వచ్చిన మాటల్లో ముఖ్యమైనది ‘నేనే’. నీళ్ళు తానే ముంచుకోవాలి, అంగీ తానే తొడుక్కోవాలి, అదీ చేతి సందులోంచి తల దూర్చి. రొట్టె తుంచి ఇస్తే మళ్ళీ అతికించమని గడపలో పడి ఏడ్చేది. ఒకసారి అక్క నిజంగానే పచ్చిపిండితో అతికించి ఇచ్చింది. చెల్లె దాన్ని తిప్పి తిప్పి చూసి కుక్కకు వేసింది. పొద్దంతా బురదలో వంగి నాట్లేసి వచ్చిన అమ్మకు నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు. గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకునేది.

నాట్లకు పోయే ఆడవాళ్ళు ఈ వయసు పిల్లల నడుముకు పాత చీరపేలిక చుట్టి మంచం కోడుకు కట్టేసి పోవడం అప్పట్లో మామూలే. ఇరుగుపొరుగు అదే చేయమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

“బర్రెదూడనా, కట్టేసెతందుకు? మా పోరడు చూస్తడు” అని నన్ను బడి మాన్పించి ఇంట్లో ఉంచింది. అక్కను తనతో పొలానికి తీసుకుపోయింది.

కొత్త వరద వచ్చిన రోజు చేపలు వాగులోకి ఎదురెక్కుతాయి, చేతులతోనే పట్టొచ్చు. దోస్తులు పిలిచారు. చెల్లెను చంకనెత్తుకుని పోయి, ఒడ్డున బోర్లించిన పడవ పక్కన కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి వాగులో దిగాను. తిరిగొచ్చేసరికి లేదు. ఎంత వెతికినా కనబడలేదు. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో జనం. ఏట్లో మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డ చెల్లెను పడవ నడిపే తాత ఇంటికి తెచ్చి, పొలానికి కబురు పంపాడట. అమ్మ బురదకాళ్ళతోనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వానలో అందరూ తడిసే ఉన్నారు కనుక నా తడి బట్టలను ఎవరూ పట్టించుకోలేదు.

“నేను జర పండుకున్ననే అమ్మా. అది గొళ్ళెం తీసుకొని పోయింది. దేవులాడొస్తున్న” అన్నాను.

రొట్టె అతికించమనే పిల్ల గొళ్ళెం తీయదా? అందరూ నమ్మారు. చెప్పడానికి దానికి మాటలు లేవు. నాలుగు రోజులు నా చంకకు రాలేదు. అది కూడా మొండితనమే అన్నారు.

మర్నాడు అమ్మ పేలిక చింపింది. “ఇగ నాతోని కాదు బిడ్డా” అంటూ ముడి వేసింది. మొదట చెల్లె అరిచింది, కరిచింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. వారం తిరిగేసరికి, అమ్మ పేలిక చేతిలోకి తీసుకోగానే తానే వచ్చి, అంగీ పైకెత్తి నిలబడేది. ‘నేనే’ అనడం మానేసింది. పిల్లకు బుద్ధొచ్చిందని వాడంతా మెచ్చుకుంది. అమ్మ మాత్రం ముడి వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది.

మొన్న భోజనాలయ్యాక చెల్లెను పెరట్లోకి పిలిచి ఇదంతా చెప్పాను.

“నాకైతే ఏం యాదికి లేదు అన్నా” అంది. “అమ్మకు చెప్పేదుండె. పానం పోయే దినం దాకా నా నడుము నిమిరేది.”

ఇన్నేళ్ళూ, ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆలస్యమైపోయింది అనుకుంటూ వచ్చాను. అమ్మ బతికున్నన్ని రోజులూ ఆలస్యం కాలేదు.